ఫీనితిముస్: "ఎవరికి?" అని అడగని స్టూడెంట్ కేసు

నేను హైదరాబాద్‌లో కూర్చుని లాటిన్ ట్యూషన్ చెప్తాను, ఎక్కువగా అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలకి. ఈ రోజుల్లో లాటిన్ ఎవరు చదువుతారండీ అని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు, అక్కడ చాలా హైస్కూళ్ళలో స్పానిష్, ఫ్రెంచ్ లాగే అదీ ఒక ఆప్షన్, మనవాళ్ళు మెడిసిన్‌కో లా చదువుకో పనికొస్తుందని పిల్లల చేత తీసుకోనిస్తారు, మొదటి రెండేళ్ళు టెక్స్ట్‌బుక్ వాక్యాలతో హాయిగా నడిచిపోతుంది, ఆ తర్వాత అసలు రోమన్లు రాసింది చేతికి రాగానే రోమన్ సేనాని జూలియస్ సీజర్ పుస్తకం దగ్గర బండి ఆగిపోతుంది. ఈ కేసు అలా ఆగిపోయిన ఒక అబ్బాయిది. టెక్సస్‌లో పదకొండో క్లాసు, అమ్మానాన్నలది తెనాలి వైపు, ఇంట్లో తెలుగు బాగానే మాట్లాడతాడు కానీ చదవడం రాయడం రాదు. పేరెందుకు లెండి, మావాడు అందాం. వాళ్ళమ్మగారిని అడిగే రాస్తున్నా.

ఇదంతా ఒకే ఒక్క విశేషణం గురించి. ఫీనితిముస్, ఫీనితిమ, ఫీనితిముమ్. "పొరుగున ఉన్న" అని అర్థం. ఏ డిక్షనరీ తీసినా ఒక్క లైనులో అయిపోయే పదం, అందుకే పిల్లలు దీన్ని కష్టమైన పదాల లిస్టులో పెట్టుకోరు, అక్కడే వస్తుంది చిక్కు.

సమస్య ఎలా కనిపించింది

వాళ్ళమ్మగారు నాకు పంపిన టెస్ట్ పేపర్లు చూస్తే ఒక విచిత్రం. ఈ పదం ఉన్న దాదాపు ప్రతి వాక్యంలో మార్కు పోతోంది, కానీ టీచర్ గీసిన ఎర్రగీత ఎక్కడా ఈ పదం కింద లేదు, దానికి అటో ఇటో ఉన్న ఊరి పేరు కిందో తెగ పేరు కిందో ఉంది. మావాడిని అడిగితే "నాకు ఆ వర్డ్ వచ్చు ఆంటీ, నైబరింగ్, అందులో తప్పేం లేదు, నేమ్స్ దగ్గరే ఏదో పోతోంది" అన్నాడు. వాడి ఫ్లాష్‌కార్డ్ మీద కూడా ఆ ఒక్క ముక్కే ఉంది. నిజంగానే పదం వచ్చు. ఆ పదం తన పక్కన ఏం కోరుకుంటుందో అది రాదు.

సీజర్ గాల్‌లో (దాదాపు ఇప్పటి ఫ్రాన్స్) చేసిన యుద్ధాల గురించి రాసుకున్న దాంట్లో మొదటి పుస్తకం, 28వ అధ్యాయం తీయించాను. కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. క్రీ.పూ. 58. ఇప్పటి స్విట్జర్లాండ్ ప్రాంతంలో హెల్వేతీలు అనే జనం, ఒకవైపు రైన్ నది, ఒకవైపు జురా కొండలు, ఇంకోవైపు జెనీవా సరస్సు, రోన్ నది, వీటి మధ్య ఇరుకైపోయామని తమ ఊళ్ళు తామే తగలబెట్టుకుని పడమటికి బయల్దేరారు. 12 పట్టణాలు, 400 దాకా పల్లెలు కాల్చేశారని సీజర్ రాశాడు. వాళ్ళనీ వాళ్ళతో కలిసి వెళ్ళినవాళ్ళనీ కలిపి 3,68,000 మంది అన్నాడు, యుద్ధం అయ్యాక ఇళ్ళకి తిరిగెళ్ళింది 1,10,000 అన్నాడు. ఈ లెక్కల్ని ఉన్నదున్నట్టు నమ్మని చరిత్రకారులు చాలామంది, అది వేరే సంగతి. ఓడించాక సీజర్ వాళ్ళని అక్కడే స్థిరపడమనలేదు, మీ పాత చోటికే పోండి, కాల్చుకున్న ఊళ్ళు మళ్ళీ కట్టుకోండి అన్నాడు. ఎందుకయ్యా అంటే, ఆ నేల ఖాళీగా ఉంటే, భూములు మంచివి కాబట్టి రైన్ అవతలి జర్మన్లు అందులోకి దిగి, "ఫీనితిమీ గల్లియై ప్రోవింకియై అల్లొబ్రొగిబుస్‌క్వె ఎస్సెంత్" అవుతారేమోనని. అంటే గాల్‌లో ఉన్న రోమన్ ప్రావిన్సుకీ, అల్లొబ్రొగులు అనే తెగకీ పొరుగువాళ్ళైపోతారని.

మావాడు ఏం రాశాడంటే, జర్మన్లు "గాల్ ప్రావిన్సు యొక్క పొరుగువాళ్ళు" అవుతారు, "అల్లొబ్రొగులతో కలిసి ఉంటారు". మొదటి సగానికి టిక్కు, రెండో సగానికి ఎర్రగీత.

అసలు రోగం ఈ వాక్యంలో మొత్తం బయటపడింది. గల్లియై ప్రోవింకియై అనే రూపం చూడండి, లాటిన్‌లో మొదటి డిక్లెన్షన్ (రూపాలు మారే తీరుని బట్టి చేసిన గుంపుల్లో మొదటిది) నామవాచకాలకి ఏకవచనంలో జెనిటివ్ (యొక్క), డేటివ్ (కి, కు) రెండూ ఒకేలా ఉంటాయి, చివర ఐ. వాడు దాన్ని "యొక్క" అనుకున్నాడు, ఇంగ్లీషులో ఏదైనా దేశం పొరుగు గురించి చెప్పేటప్పుడు అలాగే అంటారు కాబట్టి వాక్యం అతికినట్టు అనిపించింది, టీచర్‌కి కూడా తప్పు కనబడలేదు. కానీ వెంటనే వచ్చిన అల్లొబ్రొగిబుస్ "యొక్క" కానే కాదు, అది బహువచనంలో డేటివ్ గానీ అబ్లేటివ్ (తో, లో, నుంచి) గానీ అవ్వాలి. మావాడికి డేటివ్ అవసరం ఎందుకో తోచలేదు కాబట్టి అబ్లేటివ్ పట్టుకుని "తో" వేసేశాడు. అంటే తప్పు మొదటి సగంలోనే జరిగిపోయింది, రూపాలు కలిసిపోవడం వల్ల దాక్కుంది, రెండో సగంలో బయటపడింది. నా ఉద్దేశంలో ఈ విశేషణం టెస్ట్ చెయ్యడానికి ఇంతకన్నా మంచి వాక్యం ఇంకోటి లేదు, ఎవరైనా లాటిన్ చెప్పేవాళ్ళు చదువుతుంటే దీన్నే మొదట ఇవ్వండి.

మిగతా పేపర్లు కూడా ఇదే చెప్పాయి. రెండో పుస్తకం 2వ అధ్యాయంలో సీజర్ బెల్గేలు అనే జనాల కదలికలు కనిపెట్టి చెప్పమని సెనొనులు అనే తెగకీ, ఇంకా "క్వీ ఫీనితిమీ బెల్గీస్ ఎరంత్", బెల్గేలకి పొరుగున ఉన్న మిగతా గాల్ జనాలకీ పని అప్పజెప్తాడు. అక్కడా బెల్గీస్‌ని అబ్లేటివ్ చేసి "బెల్గేలతో పొరుగుగా" అని రాసుకొచ్చాడు.

పదం లోపల

ముందు పదాన్ని విప్పి చూపించాను. ఫీనిస్ అంటే హద్దు, సరిహద్దు, బహువచనంలో ఫీనేస్ అంటే ఆ హద్దుల లోపలి భూభాగం మొత్తం. దానికి తిముస్ తగిలితే ఫీనితిముస్, సముద్రానికి సంబంధించిన మరితిముస్, చట్టానికి సంబంధించిన లేగితిముస్ ఎలా తయారయ్యాయో ఇదీ అంతే. పాత స్పెల్లింగ్‌లో ఫీనితుముస్ అని ఉ తో కూడా కనిపిస్తుంది. ఇలాంటి పదాల మధ్యలో ఉ పోయి ఇ రావడం సీజర్ శాసనంతో మొదలైందని చెప్పుకునేవారని రోమన్ గురువు క్వింటిలియన్ రాశాడు, నిజమో కాదో గానీ సీజర్ చదివే పిల్లలకి చెప్తే సరదాపడతారు.

పనిలో పనిగా ఇంకో సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో లాటిన్ చదివేవాళ్ళకి దీర్ఘాలు కనబడవు, టెక్స్ట్‌బుక్కులు అక్షరం నెత్తిన గీత పెట్టి చూపిస్తాయి, పిల్లలు ఆ గీతల్ని పట్టించుకోరు. మన లిపిలో ఫీ అని రాస్తే దీర్ఘం ఎలాగూ కనబడుతుంది, ఐ అనే అచ్చు కూడా మనకి రెడీగా ఉంది. తెలుగు చదవడం వచ్చిన పిల్లలైతే నేను లాటిన్ తెలుగులోనే రాయిస్తాను. చర్చి పద్ధతిలో లాటిన్ నేర్చుకున్నవాళ్ళు వీకీనుస్‌ని (ఇదీ పొరుగు అనే మాటే, తర్వాత వస్తుంది) విచీనుస్ అంటారు, అదీ తప్పు కాదు, నేను ఇక్కడ పాత రోమన్ ఉచ్చారణే రాస్తున్నా.

సరే, హద్దు అనగానే అసలు ప్రశ్న వస్తుంది కదా, హద్దు ఒకడికే ఉండదు, ఇద్దరి మధ్య ఉంటుంది. కాబట్టి ఫీనితిముస్ అని ఎవరినైనా అన్నామంటే "ఎవరికి?" అనేది ఆ పదంలోనే ఉంది. ఆ ఎవరికి అనేదాన్ని లాటిన్ డేటివ్‌లో పెడుతుంది.

ఇది వాడికి ఇంగ్లీషులో చెప్తే ఎక్కలేదు. రూలు రాసుకున్నాడు, మళ్ళీ వాక్యంలో మర్చిపోయాడు. అప్పుడు ఊళ్ళోంచి వచ్చిన వాళ్ళ నాయనమ్మగారు అదే గదిలో ఉన్నారు, నేను "నాన్నా, మీ పొలం పక్కన ఎవరిదో నాయనమ్మని అడుగు" అన్నాను. ఆవిడ అక్కణ్ణుంచే "మన చేనికి ఆనుకుని మీ పెదతాత గారిది, ఆ గట్టుకి అవతల కాలవ, ఏం ఎందుకూ" అన్నారు. విన్నావా, చేనికి, గట్టుకి అన్నారు, చేను యొక్క అన్లేదు. ఊరికి దగ్గర, ఇంటికి ఎదురుగా, పొలిమేరకి ఇవతల, మనం తెలుగులో ఆనుకుని ఉండటం గురించి ఏం చెప్పినా కి, కు వస్తూనే ఉంటాయి. లాటిన్ కూడా అంతే. "బెల్గీస్ ఫీనితిమీ" అంటే బెల్గేలకి పొరుగున ఉన్నవాళ్ళు, మాటకి మాట అలాగే దిగుతుంది, విభక్తితో సహా. మావాడు ఒక నిమిషం ఆగి "సో ఇంగ్లీష్‌లోకి వెళ్ళకుండా డైరెక్ట్‌గా తెలుగులో చేసుకుంటే సరిపోతుందా" అన్నాడు. ఈ పదానికి మటుకు సరిపోతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన బళ్ళో నేర్పే విభక్తుల పట్టికలో కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అన్నీ కలిపి షష్ఠిలోనే పెడతారు. కాబట్టి తెలుగు మీడియంలో వ్యాకరణం గట్టిగా చదివిన పెద్ద స్టూడెంట్లకి "షష్ఠి వస్తుంది" అని చెప్తే కి అనుకోవాలో యొక్క అనుకోవాలో తెలియక, మావాడు పడిన గోతిలోనే పడతారు. అందుకే నేను విభక్తి పేరు చెప్పను, "కి" అని చెప్తాను, లేదా డేటివ్ అంటాను.

తెలుగు రాని పిల్లలకి ఏం చెయ్యాలి అని ఒక తోటి టీచర్ అడిగారు. ఇంగ్లీషులోనే "నెక్స్ట్ టు", "క్లోజ్ టు" అనే మాటలున్నాయి, వాటిని వాడమనండి, ఆ "టు" డేటివ్‌ని గుర్తు చేస్తుంది. "నైబర్ ఆఫ్" అన్న అలవాటు మాన్పిస్తే చాలు.

విశేషణమా, నామవాచకమా

ఇది తేలిగ్గానే అయింది, ఎక్కువ రాయను. మొదటి పుస్తకం 2వ అధ్యాయంలో హెల్వేతీలు ఇరుక్కుపోయి ఉండటం వల్ల "మినుస్ ఫకిలె ఫీనితిమీస్ బెల్లుమ్ ఇన్ఫెర్రె పొస్సెంత్", పొరుగువాళ్ళ మీదికి అంత సులువుగా యుద్ధానికి వెళ్ళలేకపోయేవాళ్ళు. ఇక్కడ ఫీనితిమీస్ ఒంటరిగా నిలబడి నామవాచకమైపోయింది, దాని డేటివ్ ఇన్ఫెర్రె అనే క్రియ కోసం. 5వ అధ్యాయంలో రౌరకులు, తులింగులు, లతోబ్రిగులు అనే "ఫీనితిమీస్"ని ఒప్పించి తమతో తీసుకుపోతారు, అక్కడ మళ్ళీ విశేషణం పని, ఒప్పించడం అనే క్రియే డేటివ్ కోరుతుంది కాబట్టి పేర్లన్నీ డేటివ్‌లో ఉంటే ఇదీ వాటితో కలిసింది. రూపం ఒకటే, ఉద్యోగాలు వేరు. మావాడు ఇది వెంటనే పట్టుకున్నాడు.

సీజర్‌లో మామూలుగా ఈ పదం వచ్చే చోట్లు చూస్తే యుద్ధం, గూఢచర్యం, భయం, వలస, ఇవే చుట్టూ ఉంటాయి. మనకి ఇరుగుపొరుగు అనగానే కూరగిన్నె చేతులు మారడం గుర్తొస్తుంది, సీజర్ ఫీనితిమీలో ఆ ఆప్యాయత వెతక్కూడదు.

10వ అధ్యాయం పేచీ

ఇక్కడ మాత్రం చాలా సేపు కూర్చున్నాం. హెల్వేతీలు సంతొనుల ప్రాంతానికి వెళ్ళాలనుకుంటున్నారని సీజర్‌కి తెలుస్తుంది, ఆ సంతొనులు ప్రావిన్సులో ఉన్న తొలోసాతుల హద్దులకి ఎక్కువ దూరం కాదు అంటాడు. అలా జరిగితే ప్రావిన్సుకి పెద్ద ప్రమాదం, ఎందుకంటే యుద్ధప్రియులు, రోమ్‌కి శత్రువులు అయిన మనుషుల్ని అది "లొకీస్ పతెంతిబుస్ మాక్సిమేక్వె ఫ్రూమెంతారియీస్ ఫీనితిమోస్ హబేరెత్", అంటే... అంటే అనేదే పేచీ. లొకీస్ డేటివ్ అనుకుంటే, అడ్డూ ఆపూ లేని, ధాన్యం బాగా పండే చోట్లకి పొరుగువాళ్ళుగా ఉంటారు. అబ్లేటివ్ అనుకుంటే, అలాంటి చోట్లలో ఉంటూ ప్రావిన్సుకి పొరుగువాళ్ళవుతారు. రూపం రెండిటికీ ఒకటే. వ్యాకరణం రెండిటినీ ఒప్పుకుంటుంది.

నేను డేటివ్ వైపు మొగ్గుతాను, ఈ విశేషణం పక్కనే డేటివ్ అయ్యే అవకాశం ఉన్న మాట ఉంటే ముందు దాన్ని దీనికే ఇచ్చి చూడాలని నా పద్ధతి, పైగా సీజర్ భయం ప్రావిన్సు ధాన్యం గురించే అని అప్పుడు సూటిగా వస్తుంది. మావాడు ఒప్పుకోలేదు. "హబేరెత్‌కి, అంటే కలిగి ఉండటానికి, సబ్జెక్ట్ ప్రావిన్స్ కదా ఆంటీ, ఎవరికి పొరుగు అంటే ప్రావిన్స్‌కే అని ఆల్రెడీ తెలిసిపోతోంది, మళ్ళీ ఇంకో ఎవరికి ఎందుకు" అన్నాడు. మంచి వాదనే. మొన్నటి దాకా డేటివ్ అంటే ఏంటో పట్టని పిల్లాడు డేటివ్ వద్దని వాదిస్తున్నాడు, నాకు అంతకన్నా ఏం కావాలి. ఆ వాక్యం పక్కన రెండు అర్థాలూ రాసుకోమన్నాను, పరీక్షలో ఏది రాసినా కారణం చెప్పగలగాలి అన్నాను.

ఆ వాక్యం గురించి ఇంకోటి, ఇది గ్రామర్ కాదు. సంతొనులది అట్లాంటిక్ వైపు, ఇప్పటి సెంత్ పట్టణం ఉన్న ప్రాంతం, తొలోసాతులది తులూజ్ ప్రాంతం. ఈ రెండు ఊళ్ళ మధ్య మ్యాప్ మీద గీత గీస్తే 250 కిలోమీటర్లు దాటుతుంది. హద్దు నుంచి హద్దుకి కొలిస్తే తక్కువే అవ్వచ్చు, అయినా పక్కపక్కన అనడానికి లేదు. సీజర్ ముందు వాక్యంలో "ఎక్కువ దూరం కాదు" అంటాడు, తర్వాతి వాక్యంలో అది ఫీనితిమోస్ అయిపోతుంది. సైన్యాన్ని తీసుకుని ప్రావిన్సు దాటి బయటికి వెళ్ళడానికి అతనికి ఒక కారణం కావాలి, ఆ కారణం చెప్తున్నది తన సొంత పుస్తకంలో. పొరుగు అనేది మ్యాప్ చెప్పే నిజం మాత్రమే కాదు, ఎవరు ఎవరిని పొరుగు అంటున్నారన్నది కూడా చూడాలి. ఇది చెప్పగానే మావాడికి హిస్టరీ క్లాసు గుర్తొచ్చి ఇంకో అరగంట రకరకాల దేశాల సరిహద్దుల మీద మాట్లాడాడు, ఆపలేకపోయాను.

వాడు సొంతంగా కట్టుకున్న రూలు

డేటివ్ కుదురుకున్నాక మావాడికి వీకీనుస్ తగిలింది. అదీ "పొరుగున ఉన్న" అనే అర్థమే, అదీ డేటివ్ కోరుతుంది. మరి రెండు పదాలెందుకు అని వాడే ఆలోచించి ఒక రూలు రాసుకొచ్చాడు, ఫీనితిముస్ అంటే రాజ్యాల పొరుగు, వీకీనుస్ అంటే ఇళ్ళ పొరుగు అని. ముచ్చటగా ఉంది, చాలా వరకు పని చేస్తుంది కూడా. వీకీనుస్ వచ్చింది వీకుస్ నుంచి, వీకుస్ అంటే పల్లె, పేట, ఇళ్ళ వరస. హెల్వేతీలు తగలబెట్టుకున్న 400 అని చెప్పానే, అవి వీకుస్‌లే. గ్రీకు ఒయికోస్ (ఇల్లు), సంస్కృతంలో విశ్ ధాతువు, వీటన్నిటిదీ ఒకే మూలమని భాషాశాస్త్రం చెప్తుంది, అంటే మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో కనబడే నివేశన స్థలంలోని నివేశనం దీనికి దూరపు చుట్టం. వీధికీ వీకుస్‌కీ మాత్రం శబ్దం కలిసింది కదా అని చుట్టరికం కలపకండి, దాని దారి వేరు.

ఆ రూలుకి బలంగా రోమన్ రచయిత కేటో దొరికాడు. వ్యవసాయం మీద రాసిన పుస్తకం 4వ అధ్యాయంలో "వీకీనీస్ బొనుస్ ఎస్తో", పొరుగువాళ్ళతో మంచిగా ఉండు అని రైతుకి చెప్తాడు, వాళ్ళకి నీ మీద ఇష్టముంటే నీ సరుకు సులువుగా అమ్ముడవుతుంది, కూలీలు సులువుగా దొరుకుతారు, ఇల్లు కట్టుకుంటుంటే మనుషులతో, పశువులతో, కలపతో సాయానికొస్తారు అంటాడు. మావాడు "చూడండి, ఇది ఇళ్ళ పొరుగే" అన్నాడు.

రోమన్ కవి వర్జిల్ దగ్గరికి వచ్చేసరికి రూలు కొంచెం ఊగింది. తొమ్మిదో ఎక్లోగ్‌లో (ఎక్లోగ్ అంటే పల్లె జీవితం మీద రాసిన పద్యం) "మంతుఅ వై మిసెరై నిమియుమ్ వీకీన క్రెమోనై", అయ్యో, పాపం క్రెమోనాకి మరీ దగ్గరగా ఉన్న మంతువా అని. క్రీ.పూ. 42లో ఫిలిప్పై యుద్ధం అయ్యాక సైనికులకి పంచడానికి క్రెమోనా భూములు లాక్కున్నారు, అవి చాలక పక్కనున్న మంతువా భూములూ పోయాయి. వర్జిల్‌ది మంతువా ప్రాంతమే. ఇక్కడ వీకీన అన్నది ఇంటిని కాదు, ఊరిని. కానీ అంతకన్నా నేను చూసింది వేరేది, మిసెరై, క్రెమోనై రెండూ ఐ తో ఉన్నాయి, మొదట్లో వాడిని ముంచిన ఐ ఇదే. ఈసారి తడుముకోకుండా "క్రెమోనాకి" అన్నాడు.

రూలు పూర్తిగా పడిపోయింది రోమ్ చరిత్ర రాసిన లివీ దగ్గర, మొదటి పుస్తకం 9వ అధ్యాయం. రోమ్ కొత్తగా పుట్టింది, ఆడవాళ్ళు లేరు, పొరుగు జనమైన సబీన్ల ఆడపిల్లల్ని ఎత్తుకొచ్చే కథ. మొదటి వాక్యంలోనే, రోమ్ ఇప్పుడు "ఫీనితిమారుమ్ కీవితాతుమ్", సరిహద్దు రాజ్యాల్లో దేనితోనైనా యుద్ధంలో సమానంగా నిలబడగల బలం తెచ్చుకుంది అంటాడు. అదే వాక్యం చివర, "కుమ్ ఫీనితిమీస్", ఆ పొరుగువాళ్ళతో పెళ్ళి సంబంధాల హక్కు లేదు అంటాడు. వెంటనే రోమ్ రాజు రోములుస్ పెద్దల సలహాతో చుట్టుపక్కల "వీకీనాస్ గెంతేస్" దగ్గరికి రాయబారుల్ని పంపాడు, పొత్తూ పెళ్ళి సంబంధాలూ అడగడానికి. వాళ్ళు ఛీ కొట్టాక ఉత్సవం పెట్టి "ఫీనితిమీస్" అందరికీ చాటించాడు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది "ప్రొక్సిమీ", మరీ దగ్గరవాళ్ళు, కైనీనా, క్రుస్తుమెరియుమ్, అంతెమ్నై ఊళ్ళవాళ్ళు. ఒక్క అధ్యాయంలో, అవే ఊళ్ళకి, మూడు పదాలూ వాడేశాడు.

మావాడు రూలుని కాపాడుకోవడానికి బాగా కష్టపడ్డాడు. "యుద్ధం అన్నప్పుడు ఫీనితిముస్, బతిమాలుకునేటప్పుడు వీకీనుస్, కావాలనే మార్చాడేమో" అన్నాడు. వినడానికి ఎంత బాగుందో, నాకూ ఒప్పేసుకుందామనిపించింది. కానీ ముందు వాక్యంలోనే పెళ్ళి సంబంధాల దగ్గర ఫీనితిమీస్ ఉంది కదా, అది ఏమవుతుంది? లివీ ఒకే మాటని పదేపదే రాయకుండా మారుస్తున్నాడు, అంతకుమించి వెతికితే మనమే పెట్టినట్టు. అదే రోజు రోమన్ కవి ఓవిడ్‌ని కూడా చూపించాను, ఫిబ్రవరి 23న రోమన్లు చేసుకునే తెర్మినాలియా, అది హద్దురాయి దేవుడి పండగ, అటుపక్క యజమాని ఇటుపక్క యజమాని వచ్చి రాయికి చెరో వైపు నుంచి దండలు వేస్తారు, తర్వాత అందరూ కలిసి విందు చేసుకుంటారు. అచ్చంగా హద్దు మీదే జరిగే పండగలో కూడిన ఆ జనాన్ని ఓవిడ్ ఏమన్నాడంటే వీకీనియ అన్నాడు, వీకీనుస్ పిల్ల పదం. అంటే హద్దు ఉన్నచోట ఫీనితిముస్సే రావాలని కూడా లేదు.

మరి తేడా ఏమీ లేదా అంటే ఉంది, గోడలాంటి తేడా కాదు అంతే. పుట్టుక ఒకటి హద్దులో, ఒకటి నివాసంలో. తెగలు, రాజ్యాలు, సైన్యాల సందర్భంలో సీజర్ చెయ్యి ఫీనితిముస్ మీదికి పోతుంది. పక్కింటాయన గురించి చెప్పడానికి వీకీనుస్ సహజం. ఇటాలియన్ వీచీనో, స్పానిష్ వెసీనో, ఫ్రెంచ్ వ్వాజాఁ, రోజూ నోట్లో ఆడే పక్కింటి మాటలన్నీ వీకీనుస్ నుంచే వచ్చాయి.

దగ్గర పదాలు ఇంకొన్ని అడిగాడు, వాటి మీద ఎక్కువ టైం పెట్టలేదు. కొంతిగుఉస్ అంటే తాకుతూ ఉన్నది. ప్రొపింక్వుస్ దగ్గరున్నవాడూ అవుతాడు, బంధువూ అవుతాడు. అఫ్ఫీనిస్ కూడా ఫీనిస్ నుంచే, హద్దు కలిసినవాడు కాస్తా పెళ్ళి ద్వారా కలిసినవాడై, రోమన్ లాలో అత్తగారి వైపు వాళ్ళకి పేరైపోయింది. రీవాలేస్ అంటే ఒకే కాలవ నీళ్ళు తీసుకునేవాళ్ళు, వాళ్ళ నీటి తగాదా గురించి రోమన్ చట్టంలో ఉంది, ఇంగ్లీషు రైవల్ అదే. కాలవ కింద వ్యవసాయం చేసిన ఇంటి పిల్లాడికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, నాయనమ్మగారే పగలబడి నవ్వారు.

పొరుగు అనే మాట చెల్లని చోటు

చివర్లో రోమన్ వక్త సిసెరో. ఇక్కడ ఫ్లాష్‌కార్డ్ అర్థం పెడితే వాక్యం నవ్వులపాలవుతుంది. క్రీ.పూ. 55లో వక్తల గురించి రాసిన పుస్తకంలో "ఎస్త్ ఎనిమ్ ఫీనితిముస్ ఓరాతోరీ పొయేత" అంటాడు. మావాడు మొదట "కవి వక్త పక్కింట్లో ఉంటాడు" అని రాసి వాడే నవ్వుకుని కొట్టేశాడు. కవి వక్తకి చాలా దగ్గరివాడు అని అర్థం, ఛందస్సు విషయంలో కవికి కట్టుబాటు కాస్త ఎక్కువ, మాటల వాడకంలో స్వేచ్ఛ కాస్త ఎక్కువ, మిగతాదంతా కలుస్తుందని. సిసెరోదే ఇంకోచోట "ఫీనితిమ సుంత్ ఫల్స వేరీస్", అబద్ధాలు నిజాలకి అంత ఆనుకుని ఉంటాయి అని, అందుకని తెలివైనవాడు తొందరపడి ఒప్పేసుకోకూడదని వాదన. ఓరాతోరీ, వేరీస్ రెండూ డేటివ్. అర్థం నేల మీద నుంచి లేచి ఆలోచనల్లోకి వెళ్ళినా "కి" మటుకు వదల్లేదు. తెలుగులో పొరుగు అనే మాట ఇక్కడికి రాదు, దగ్గర, ఆనుకుని, పోలిన, వీటిలో ఏదో ఒకటి ఏరుకోవాలి, ఏది ఏరుకున్నా మళ్ళీ వక్తకి, నిజాలకి అనే అంటాం.

ఇప్పుడు ఎక్కడున్నాడు

ఫ్లాష్‌కార్డ్ మార్పించాను. ఒక వైపు ఫీనితిముస్ అనే పదం, పక్కన పెద్ద అక్షరాలతో "ప్లస్ డేటివ్", రెండో వైపు ఇంగ్లీషు అర్థం కాకుండా అల్లొబ్రొగుల వాక్యం మొత్తం. ఒంటరి పదాలు బట్టీ పట్టే కార్డులంటే నాకు ముందు నుంచీ చిరాకే, కానీ పిల్లలు వాటిని వదలరు, అందుకే కనీసం వాక్యం ఎక్కిస్తాను. ఈ పదం దగ్గర ఎర్రగీతలు ఆగిపోయాయి. ఐ రూపం మాత్రం వేరే పదాల దగ్గర ఇంకా ముంచుతూనే ఉంది, స్పీడ్‌గా చదివితే "యొక్క" అనేస్తాడు, దానికి ఈ వైద్యం సరిపోదు, ఇంకా చాలా వాక్యాలు చదవాల్సిందే.

ఆఖరి చెక్ కోసం ఆరో పుస్తకం 23వ అధ్యాయం ముందుగా చెప్పకుండా ఇచ్చాను. జర్మన్ తెగల గురించి. తమ చుట్టూ వీలైనంత వెడల్పున నేలని పాడుబెట్టి ఖాళీగా ఉంచుకోవడం వాళ్ళకి గొప్ప పేరట, "ఎక్స్పుల్సోస్ అగ్రీస్ ఫీనితిమోస్ కేదెరె", పొరుగువాళ్ళు పొలాల్లోంచి తరిమేయబడి వెళ్ళిపోవడం, దగ్గర్లో కాపురం పెట్టే ధైర్యం ఎవరూ చెయ్యకపోవడం, అదే తమ పరాక్రమానికి గుర్తు అనుకుంటారట. మావాడు చదువుతూ ఆగి "ఎవరికి? ఇక్కడ డేటివ్ లేదే" అన్నాడు. అగ్రీస్‌ని పట్టుకోబోయి, కాదు, అది ఎక్స్పుల్సోస్‌తో వెళ్ళే అబ్లేటివ్, పొలాల్లోంచి అని వాడే సర్దుకున్నాడు. ముందు వాక్యంలో కీవితాతిబుస్ ఉంది, ఆ తెగలకే, నామవాచకంగా వాడాడు కాబట్టి మళ్ళీ చెప్పలేదు అన్నాడు.

వచ్చే నెల నుంచి మళ్ళీ లివీ, ఈసారి 9 కాకుండా 10వ అధ్యాయం, పిల్లల్ని పోగొట్టుకున్న ఆ మూడు ఊళ్ళూ యుద్ధానికి రావడం. లొకీస్ పతెంతిబుస్ మీద మాత్రం ఇద్దరం ఎవరి మాట మీద వాళ్ళమే ఉన్నాం.